ఏడో నంబరు సీసా

2వ తేదీ, సోమవారం

పదో తరగతి పరీక్షల తర్వాత సరుకుల చీటీలు తప్ప నేను పెన్ను పట్టి ఏమీ రాయలేదు. ఇప్పుడు రాయడానికి కారణం ఒక్కటే. పది రోజులుగా నా మనసులో ఒక పిల్ల మీద అనుమానం తిరుగుతోంది. ఎవరితోనైనా అంటే చాడీ అవుతుంది. దేవుడితో చెప్పుకుందామంటే నోరు రావడం లేదు. దీపం వెలిగించి, చేతులు జోడించి, "స్వామీ, ఫలానా పిల్ల చెడ్డది" అని ఎలా అనను? కాగితమైతే వింటుంది, ఊరుకుంటుంది. చిన్ని సగం రాసి వదిలేసిన నోటుపుస్తకం ఉంది. వంటగిన్నెలు కడగడం అయ్యాక, మధ్యాహ్నం పూట కాసేపు.

ఈ పడవల శిక్షణ కేంద్రంలో నేను వంటకి కుదిరి పదకొండేళ్ళు. పద్నాలుగు మంది ఆడపిల్లలు. వాళ్ళలో చిన్ని మా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయేనాటికి దానికి ఆరేళ్ళు, అప్పటినుంచీ నా దగ్గరే. అది నన్ను పెద్దమ్మా అంటుంది కాబట్టి మిగతా పదమూడు మందికీ పెద్దమ్మనయ్యాను. కోచ్ సార్‌కి కూడా పెద్దమ్మనే. ఆయన నాకంటే రెండేళ్ళు పెద్ద.

చిన్ని కూర్చునేది నలుగురి పడవలో లయ ఇచ్చే సీటు. అది ఎలా లాగితే వెనక ముగ్గురూ అలా లాగుతారు. రెండేళ్ళుగా ఆ సీటు దానిదే. పద్దెనిమిదో తేదీన మళ్ళీ ఎంపిక. సీటు పోతే హాస్టలు పోతుంది, చదువుకిచ్చే సాయం పోతుంది, అది పదేళ్ళుగా అరచేతులు చీల్చుకున్నదంతా పోతుంది.

పోయిన నెల మొదట్లో రోయింగ్ మెషీను మీద రెండు వేల మీటర్లు ఏడు నిమిషాల ఇరవై నాలుగు సెకన్లలో లాగింది. మొన్న శనివారం ఏడు నలభై ఒకటి. మొదటి పదిహేను వందలు బాగానే ఉంటుంది. చివరి ఐదు వందలకి వచ్చేసరికి ఎవరో లోపల స్విచ్చి ఆపినట్టు అయిపోతుంది. దిగాక మెషీను పక్కనే నేల మీద పడుకుంటుంది. ఇదివరకు నవ్వుతూ లేచేది.

చిన్ని ఒక్కతే కాదు. పదమూడు మందీ అంతే. ఒక్క పిచ్చుక తప్ప.

పిచ్చుక బస్సు డ్రైవరుగారి కూతురు. సన్నగా ఉంటుందని ఆ పేరు పెట్టారు. ఇంటినుంచే వచ్చి పోతుంది, ఇక్కడ టీ తప్ప ఏమీ ముట్టదు. అందరూ వాడిపోతుంటే అది రోజురోజుకీ విచ్చుకుంటోంది. దాని కన్ను ఏ సీటు మీద ఉందో అందరికీ తెలుసు.

నేనేమీ అనడం లేదు. రాస్తున్నానంతే.

3వ తేదీ

రక్తపరీక్షల ఫలితాలు వచ్చాయి. జ్వరం లేదు, ఇన్ఫెక్షన్ లేదు. కోచ్ సార్ వంటగది గడపలో నిలబడి, "పెద్దమ్మా, తిండిలో తేడా ఏమైనా వచ్చిందా?" అన్నారు.

నాకు చురుక్కుమంది. డైటీషియన్ అమ్మాయి చార్టు ఇచ్చి నెల కావొస్తోంది. అప్పటిదాకా నేను చేత్తో వడ్డించేదాన్ని. పిల్ల ముఖం చూస్తే ఎంత కావాలో తెలిసేది. చార్టు వచ్చాక కాటా తెచ్చుకున్నాను. ప్రతి పళ్ళెం కాటా మీద పెట్టి, రైస్ నూట యాభై అంటే నూట యాభై. పొద్దున ఓట్సు తొంభై, రాత్రి పాస్తా నూట నలభై. కూరలు, గుడ్లు, చికెన్, సూపు ఎంత కావాలంటే అంత. పిల్లలు వెక్కిరిస్తారు కూడా. "బంగారం తూచినట్టు తూస్తున్నావు పెద్దమ్మా, తరుగు కూడా తీస్తావా ఏంటి?" అంటుంది చిన్ని.

"గ్రాము తేడా రాదు సార్" అన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయారు. నా మాట మీద ఆయనకి అంత నమ్మకం.

5వ తేదీ, గురువారం

డైటీషియన్ అమ్మాయి వచ్చింది. వారానికి ఒకసారి గంటసేపు, అదీ సాయంత్రం నాలుగింటికి. వేరే ఊళ్ళో ఇంకో కేంద్రం కూడా చూసుకుంటుంది. పిల్లలందరినీ కూర్చోబెట్టి పాఠం చెప్పింది. నేను ఉల్లిపాయలు కోస్తూ విన్నాను.

"అన్నం, పాస్తా, బంగాళాదుంప, ఇవన్నీ పిండి పదార్థాలు. ఒంట్లోకి వెళ్ళి చక్కెర అవుతాయి. కొంత చక్కెరని కండలు దాచుకుంటాయి. మీరు పడవ లాగేటప్పుడు ఖర్చయ్యేది అదే. అది నిండుగా లేకపోతే మొదట్లో తెలీదు. చివర్లో తెలుస్తుంది. చేతులు కర్రల్లా అయిపోతాయి, కోపం వస్తుంది, రాత్రి నిద్రపట్టదు."

"మాకు మూడూ ఉన్నాయి మేడం" అంది ఒక పిల్ల. అందరూ నవ్వారు. డైటీషియన్ నవ్వలేదు.

తర్వాత నా దగ్గరికి వచ్చింది. "అమ్మా, చార్టు ప్రకారమే పెడుతున్నారు కదా?"

"గ్రాము తేడా లేదమ్మా."

"రెండో పేజీ కూడా చూశారు కదా?"

"చూశాను."

చూడలేదు. రెండు కాగితాలిచ్చింది ఆరోజు. మొదటిది గోడకి అంటించాను. రెండోదాని పైన "కొలిచే పద్ధతి" అని ఉంది, కింద చీమల్లాంటి అక్షరాలు. ముప్ఫై ఏళ్ళు వండినదానికి కొలవడం నేర్పాలా? ఎక్కడో పెట్టాను. అది పెద్ద విషయం కాదు.

అసలు సంగతి తిండి కాదని నా మనసు చెబుతోంది. తిండి అందరికీ నా చేతిదే. నీళ్ళ సంగతి ఎవరు చూస్తున్నారు?

6వ తేదీ

చూశాను.

పొద్దున ఏడున్నరకి ఓట్సు గిన్నె పట్టుకుని వరండాలోకి వచ్చాను. పడవల షెడ్డు ముందు బల్ల మీద పిల్లల నీళ్ళ సీసాలుంటాయి. అన్నీ నీలం రంగువే, మూత మీద నంబర్లు. చిన్నిది ఏడు. పిల్లలందరూ పరుగుకి వెళ్ళారు. పిచ్చుక ఒక్కతే బల్ల దగ్గర. జేబులోంచి పొట్లం తీసింది, తెల్లటి పొడి ఒక సీసాలో పోసింది, మూత పెట్టి బాగా కదిలించింది. అటూ ఇటూ చూసింది.

ఏ నంబరో అంత దూరంనుంచి కనబడలేదు. బల్లకి ఎడమ చివర ఉన్న సీసా. ఏడో నంబరు మామూలుగా ఎడమవైపే ఉంటుంది.

అరవలేకపోయాను. నా గొంతు ఎప్పుడూ పైకి లేవదు.

8వ తేదీ, ఆదివారం

పూజ అయ్యాక కోచ్ సార్ దగ్గరికి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఏ సీసా పెద్దమ్మా?"

"ఏడో నంబరు సార్."

"మీ కళ్ళతో చూశారా?"

"నా కళ్ళతో చూశాను."

ఆయన చాలాసేపు టేబుల్ మీద పెన్సిలు దొర్లించారు. "ఇంకెవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు" అన్నారు.

9వ తేదీ

పిచ్చుకని నీళ్ళ మీదికి వెళ్ళకుండా ఆపేశారు. దాని దగ్గరుండే షెడ్డు తాళం చెవి తీసుకున్నారు. దాని సీసా, జేబులో దొరికిన పొట్లం పరీక్షకి పంపారు. అది ఏడుస్తూ నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది.

"గ్లూకోజు పెద్దమ్మా! మా నాన్న కొన్నాడు. నా సీసాలోనే పోసుకున్నా. నువ్వు చెప్పు పెద్దమ్మా, నేనలాంటిదాన్నా?"

చెప్పింది నేనేనని దానికి తెలియదు.

మధ్యాహ్నం డ్రైవరుగారు యూనిఫాంలోనే వచ్చారు. బస్సు గేటు ముందే ఆపి వచ్చినట్టున్నారు, హారన్లు వినబడుతున్నాయి. "అక్కయ్యా, మీరు పెద్దవాళ్ళు, పిల్లలందర్నీ చూస్తుంటారు. మా పిల్ల ఒకరి పళ్ళెంలో చెయ్యి పెట్టడం ఎప్పుడైనా చూశారా?"

"పళ్ళెంలో చూడలేదు తమ్ముడూ" అన్నాను.

అబద్ధం కాదు కదా.

11వ తేదీ, బుధవారం

మసాలా డబ్బాల అర తుడిచాను. డబ్బాల కింద పరిచిన కాగితం మార్చాను.

పాత కాగితం రెండో పేజీ.

ఇవాళ ఇంకేమీ రాయను.

అదే రోజు, సాయంత్రం

మొదటి వాక్యమే అది. చీమల్లాంటి అక్షరాలు కూడా కాదు, ఆ ఒక్క వాక్యం లావుగా ఉంది. "బరువులన్నీ వండకముందు తూచినవి."

నూట యాభై గ్రాములు గిన్నెలో పొయ్యక ముందు తూచాలి. ఉడికితే అది నాలుగొందలు పైమాటే. నేను ఉడికిన తర్వాత, పళ్ళెంలో, గ్రాము తేడా లేకుండా తూచి నూట యాభై పెట్టాను. ఓట్సూ అంతే. పాస్తా కూడా. కూరలూ గుడ్లూ దండిగా ఉన్నాయి కాబట్టి కడుపు నిండినట్టే ఉండేది. చార్టు దాటి అడగొద్దని కోచ్ సార్ ముందే చెప్పారు కాబట్టి ఎవరూ ఇంకాస్త పెట్టమనలేదు. పళ్ళేలు అద్దాల్లా నాకి పెట్టేవాళ్ళు. చూసి మురిసిపోయాను.

నెల రోజులు పదమూడు మంది పిల్లలకి మూడో వంతు పెట్టాను. ఇంట్లో తిని వచ్చే పిల్ల ఒక్కతే బాగుంది.

సరిదిద్దుకుంటే సరిపోతుంది. రేపటినుంచి సరిగ్గా పెడతాను. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. పొడి సంగతి వేరు, తిండి సంగతి వేరు. పొడి పోయడం నేను చూసిన మాట నిజమే కదా.

12వ తేదీ

పళ్ళేలు చూసి పిల్లలు గోల గోల.

"పెద్దమ్మా, కాటా చెడిపోయిందా?"

"కాటా కాదే, పెద్దమ్మ మనసు కరిగింది!"

"పోటీకి వారమే ఉంది, ఇప్పుడు ఎక్కువ తినాలట. పైనుంచి చెప్పారు" అన్నాను. పైనుంచి అంటే ఎవరో వాళ్ళు అడగలేదు.

చిన్ని రెండుసార్లు పెట్టించుకుంది. పిల్ల తింటుంటే చూడలేకపోయాను, స్టౌ వైపు తిరిగి నిలబడ్డాను.

డైటీషియన్ ఈసారి మధ్యాహ్నమే వచ్చి పిల్లలతో పాటు కూర్చుని తింది. "నేననుకున్న పళ్ళెం ఇదేనమ్మా. పోయిన వారం కూడా ఇలాగే ఉందా?"

"ఇలాగేనమ్మా."

నా వైపు కాస్త ఎక్కువసేపు చూసింది. లేక నాకలా అనిపించిందా? ఈమధ్య ఎవరు చూసినా ఎక్కువసేపు చూస్తున్నట్టే ఉంది.

13వ తేదీ

చిన్ని ఏడు ఇరవై తొమ్మిది. లేచి నవ్వింది.

14వ తేదీ, శనివారం

పరీక్ష కాగితం వచ్చింది. ఉత్త గ్లూకోజు. నా గుండె తేలికపడింది, ఇక పిచ్చుకని రానిస్తారనుకున్నాను. నేను నోరు విప్పకుండానే గట్టెక్కిందనుకున్నాను.

కానీ కోచ్ సార్ ఆఫీసులో ఫోనులో అంటున్నారు: "మొన్న పంపిన పొట్లం గ్లూకోజే. అంతకుముందు ఏం కలిపిందో ఎవరికి తెలుసు? అది వెళ్ళిన నాలుగు రోజులకే పదమూడు మందీ కోలుకున్నారు. ఇంతకన్నా రుజువేం కావాలి? పైగా ఏడో నంబరు సీసాలో పొయ్యడం చూసినవాళ్ళున్నారు."

టీ కప్పు ఆయన బల్ల మీద పెట్టి వచ్చేశాను. సాసర్లో ఒలికింది.

పిల్లలు లేచింది నేను పెట్టిన తిండికి. ఆ లేవడమే ఆ పిల్ల మెడకి చుట్టుకుంది.

పిచ్చుక కంచె బయట సైకిలు ఆనించుకుని నిలబడి పడవల్ని చూస్తోంది. చేతులు గాలిలో కదులుతున్నాయి, తెడ్డు పట్టుకున్నట్టు. అది లయ తప్పకుండా లాగుతోంది.

15వ తేదీ, ఆదివారం

పొద్దున టిఫిన్ దగ్గర చిన్ని అంది: "పెద్దమ్మా, పిచ్చుకని పూర్తిగా తీసేస్తున్నారట. ఏ క్లబ్బూ చేర్చుకోకుండా ఉత్తరం రాస్తారట. నాకు దాని మీద జాలేస్తోంది. కానీ చేసింది కదా? నువ్వు చూశావట కదా?"

"ఎవరు చెప్పారే?"

"సార్. మా పెద్దమ్మ చూస్తే చూసినట్టే అన్నాను నేను."

దాని నోట ఆ మాట విన్నాక కూర్చోలేకపోయాను. రెండో పేజీ మడిచి చేతిలో పట్టుకుని ఆఫీసుకి వెళ్ళాను. కోచ్ సార్ చదివారు. మళ్ళీ చదివారు. టోపీ తీసి బల్ల మీద పెట్టారు.

"నెల రోజులు, పెద్దమ్మా?"

"నెల రోజులు సార్."

"పిల్లలు పడిపోతుంటే నేను బద్ధకమని తిట్టాను. ఎక్స్‌ట్రా రౌండ్లు వేయించాను." ఆయన కిటికీ వైపు తిరిగారు. "మరి ఏడో నంబరు?"

"నంబరు నాకు కనబడలేదు. సీసా ఎడమ చివర ఉంది. ఏడనుకున్నాను."

"అనుకున్నారా?"

"అనుకోవాలనుకున్నాను."

ఆయన ఏమంటారో అని నిలబడ్డాను. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోవాలి కూడా. చివరికి అడిగారు: "ఈ కాగితం ఎప్పుడు చూశారు?"

"ఇవాళ పొద్దున సార్. అర తుడుస్తుంటే."

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. "మీరు కాబట్టి వెంటనే తెచ్చారు. ఇంకొకళ్ళయితే స్టవ్‌లో పడేసి ఊరుకునేవాళ్ళు."

పిల్లలందరి ముందూ తప్పు ఒప్పుకుని, పిచ్చుకని క్షమించమన్నాను. మధ్యాహ్నానికి అది పడవ ఎక్కింది.

16వ తేదీ

డైటీషియన్ ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. "సగం తప్పు నాదేనమ్మా. దగ్గరుండి ఒక్క పూట తూయించి ఉండాల్సింది" అంది. తర్వాత, "పన్నెండో తేదీన నేను తిన్న పళ్ళెం మాత్రం సరిగ్గానే ఉందే?" అని ఆగింది.

"ఆరోజు చెయ్యి కాస్త ఎక్కువ పడిందేమో అమ్మా, పోటీ దగ్గరికొచ్చింది కదా అని."

"ఊఁ" అంది. ఇంకేమీ అడగలేదు. ఆ ఊఁ రోజంతా నా చెవిలోనే ఉంది.

18వ తేదీ, బుధవారం

ఒక్కరే లాగే పడవల్లో, పక్కపక్కన. చిన్ని, పిచ్చుక. రెండు వేల మీటర్లు. ఎవరు ముందు చేరితే సీటు వాళ్ళది.

గట్టు మీద నిలబడ్డాను. పదిహేను వందల దగ్గర రెండు పడవల ముక్కులూ సమానంగా ఉన్నాయి. ఎప్పుడూ చిన్ని వాలిపోయేది అక్కడే. ఈసారి వాలలేదు. పిచ్చుకే ఒక్క తెడ్డు తడబడింది, నీళ్ళు చిందాయి. అర పడవ తేడాతో చిన్ని గెలిచింది.

పిల్లలు కేకలేస్తూ చిన్నిని ఎత్తి నీళ్ళలో పడేశారు. పిచ్చుక గట్టెక్కి నా దగ్గరికే వచ్చింది. రెండు చేతులూ చాపింది. రెండు అరచేతుల్లోనూ బొబ్బలు చితికి రక్తం.

"ఆరు రోజులు నీళ్ళ మీద లేను కదా పెద్దమ్మా, చేతులు మెత్తబడిపోయాయి. చివర్లో పట్టు జారింది." మళ్ళీ తనే, "ఫర్లేదులే. నువ్వు చెప్పకపోతే ఈ పోటీ కూడా ఉండేది కాదు" అంది.

పసుపు తెచ్చి కట్టాను. మాట్లాడలేదు. ఎప్పుడూ తక్కువే మాట్లాడతాను కాబట్టి ఎవరికీ ఏమీ అనిపించలేదు.

20వ తేదీ

పిచ్చుక ఇకనుంచి ఇక్కడే తింటుంది. రిజర్వులో ఉంచారు. డ్రైవరుగారు వచ్చి, "తప్పు ఒప్పుకోవడానికి గుండె ఉండాలి అక్కయ్యా, మా పిల్లకి మిమ్మల్ని చూసి నేర్చుకోమన్నా" అన్నారు. కుర్చీ వెయ్యబోతే కూర్చోలేదు, బస్సుకి టైమైందన్నారు.

22వ తేదీ, ఆదివారం

ఆరు రోజులంది ఆ పిల్ల. తొమ్మిదినుంచి పద్నాలుగు దాకా, అవును, ఆరు. మొదటి రెండూ నా మూర్ఖత్వానివి. తెలియక చేశాను. వాటికి క్షమాపణ అడిగాను, అందరూ క్షమించారు.

మిగతా నాలుగు అలాంటివి కావు. పదకొండో తేదీన కాగితం నా చేతిలో ఉంది. పదకొండు, పన్నెండు, పదమూడు, పద్నాలుగు. ఆ నాలుగు రోజులూ నా పిల్లకి కడుపునిండా పెట్టుకున్నాను. ఇంకొకళ్ళ పిల్ల అరచేతులు మెత్తబడుతుంటే కంచె ఇవతలినుంచి చూస్తూ ఊరుకున్నాను. భయం వల్ల ఊరుకున్నానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకుంటున్నాను. భయం ఒక్కటేనా? అర పడవ తేడా ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసు.

చెబితే చిన్ని ఆ సీట్లో కూర్చోదు. దాని సంగతి నాకు తెలుసు, తెడ్డు కింద పెట్టేసి లేచిపోతుంది. చెప్పకపోతే అందరూ నన్ను నిజం చెప్పిన మనిషి అంటూనే ఉంటారు. రెండింట్లో ఏది చెయ్యాలో రేపు తేల్చుకుంటానని మూడు రోజులుగా అనుకుంటున్నాను.

చిన్నీ, ఎప్పుడైనా ఇది నీ చేతికొస్తే చించకు. చించితే ఆ నాలుగు రోజులూ ఎక్కడా లేకుండా పోతాయి. అవి ఒక్కచోటైనా ఉండాలి. దాచిపెట్టు. ఎవరికీ చూపించకు.